పన్నెండు మిల్లీమీటర్లు

ఎర్రమిట్ట గాయాల కేంద్రం. మందులు పనిచేయడం ఆగిన పంతొమ్మిదో ఏడు.
ఇది సుంకులమ్మ సొంత పుస్తకం. కేంద్రం రిజిస్టరు వేరే ఉంది.

జూన్ 3

పొద్దున గేటు దగ్గర రెండు వందల పదహారు జతల చేతులు చూశాను. ఒక గోరుచుట్టు, ఒక చీమకాటు. చీమ కుట్టిన మద్దిలేటి చీటీ రాయొద్దని బతిమాలాడు. "గీత గూడ పడలేదక్కా, సూడు, ఉత్త దద్దురు." నిజమే, ఉత్త దద్దురే. అయినా రాశాను. చర్మం తెగినా, తెగిందని అనుమానమున్నా సాయంత్రంలోగా చీటీ పడాలి. ఆ మనిషి మూడు రోజులు ఇల్లు కదలకూడదు. మద్దిలేటి నన్ను తిట్టుకుంటూ వెళ్లాడు. తిట్టుకోనీ.

ఆ తర్వాత ప్లేట్లు తీశాను. నలభై ఒకటో విడత మందు తొమ్మిది మిల్లీమీటర్లు చూపించింది.

పన్నెండు ఉండాలి. అంతకు తగ్గితే ఆ మందు పుండు మీద వేయకూడదు. పోయిన విడతే బొటాబొటిగా పన్నెండు.

మూడుసార్లు కొలిచాను. స్కేలు తుడిచి కొలిచాను. కళ్లద్దాలు తుడిచి కొలిచాను. తొమ్మిదే.

రేపు నా పని మరొకరు చేయాల్సి వస్తే వాళ్లకు తెలియాలని రాస్తున్నాను. మా మందు చేయడం పెద్ద విద్యేమీ కాదు. ఎర్ర ఉల్లిగడ్డల పైపొట్టును స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, ఆరబెడితే పసుపుపచ్చ పొడి మిగులుతుంది. అందులో క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్ ఉంటుంది. మాకు కావలసింది అదే. మా దగ్గర సీలు వేసిన డబ్బాల్లో పాతకాలం మందు బిళ్లలు కూడా ఉన్నాయి. వాటికవి ఎందుకూ కొరగావు. తన లోపలికి వెళ్లిన మందును పుండులోని క్రిమి వెంటనే బయటికి ఉమ్మేస్తుంది. పొట్టుసారం ఆ ఉమ్మే దారిని మూసేస్తుంది. అప్పుడు పాత మందు లోపలే ఉండిపోయి క్రిమిని చంపుతుంది. రెండూ కలిపి ఆముదంలో నూరితే మలాము. తాగితే లాభం లేదు, రక్తంలో కలిసేలోపే ఒళ్లు దాన్ని విరిచి పారేస్తుంది. పుండు మీద పూయడానికే పనికొస్తుంది. పదకొండేళ్లుగా ఈ ఏడూళ్లనూ కాస్తున్నది ఇదొక్కటే.

పరీక్ష కూడా సులువే. క్రిమిని పెంచిన ప్లేటు మీద మందులో తడిపిన చిన్న కాగితం బిళ్ల పెడతాం. మర్నాటికి దాని చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ వలయం వస్తుంది. కాగితం బిళ్ల వెడల్పే ఆరు మిల్లీమీటర్లు. అంటే ఈ తొమ్మిదిలో మందు చేసిన పని మూడే.

తప్పు నాదే అయ్యుంటుంది. మళ్లీ పెట్టాను. రిజిస్టరులో ఈ రోజు గడి ఖాళీగా వదిలేశాను.

జూన్ 5

ఏడు.

ప్లేట్లు కొత్తవి పోశాను. కాగితం బిళ్లలు కొత్తగా కత్తిరించాను. పాత మందు మరో డబ్బా విప్పాను. స్పిరిట్ కూడా మార్చాను. ఇంకేం మార్చాలి, నన్నా?

వలయం తగ్గితే వెంటనే, గడ్డలు పంపే జిల్లా నిల్వకు చెప్పాలన్నది నిబంధన. చెబితే ఏమవుతుందో కూడా నిబంధనలోనే ఉంది. కేంద్రాన్ని నలభై రోజులు మూసేసి, ఉన్న మలామంతా పట్టుకెళ్తారు. మూడేళ్ల కిందట ఒక విడత స్పిరిట్ చెడి వలయం తగ్గితే మల్లెపాడు కేంద్రం నిజాయితీగా చెప్పింది. ఆ నలభై రోజుల్లో అక్కడ ముగ్గురు పోయారు. ఒకామె అరికాలి పగులుతోనే పోయింది. వాళ్ల పుండ్ల మీద పూయడానికి తొమ్మిది మిల్లీమీటర్ల మందు కూడా లేకపోయింది.

అందుకే చెప్పలేదు. ముందు కారణం కనుక్కుని అప్పుడు చెబుతాను. రిజిస్టరులో రెండు గడులూ ఖాళీగానే ఉన్నాయి.

జూన్ 9

ఖాజాబీ చెయ్యి తెగింది.

పొట్టు గదిలో ఖాజాబీ పదేళ్లుగా పని చేస్తోంది. గడ్డ మీద గుడ్డ పెట్టి ఒక్క తిప్పు తిప్పితే పొట్టు చెక్కుచెదరకుండా ఊడి వస్తుంది. ఆమె అరగంటలో ఒలిచే బుట్టకు మిగతావాళ్లకు రెండు గంటలు పడుతుంది. కేంద్రంలో కత్తి లేదు, కొడవలి లేదు, బల్లల అంచులకు రబ్బరు తొడిగి ఉంటుంది. పొట్టు పోసే రేకు తొట్టికి ఒక మూల ఆ రబ్బరు ఊడిపోయింది. ఆ రేకు అంచు ఆమె కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లోతుగా దిగింది.

ఆమె అరవలేదు. రక్తం కారుతున్న చేతిని మరో చేత్తో పట్టుకుని నా గదికి నడిచి వచ్చింది. "అక్కా, గడ్డల మీద పడలేదులే. ఏం పారేయక్కర్లే."

కడిగాను. కుట్టు వేయడానికి డాక్టర్ జక్రయ్య వచ్చారు. ఈ కేంద్రానికి ఆయనొక్కరే డాక్టరు. కుట్టు పడ్డాక మలాము పూయడం నా పని. బల్ల మీద ఉన్నది నలభై ఒకటో విడత. అంతకు ముందుది చుక్క కూడా లేదు.

"మందు బాగుంది కదక్కా?" అని అడిగింది. ఊరికే అడిగింది. అందరూ అడుగుతారు.

"బాగుంది" అన్నాను.

జూన్ 11

బాగాలేదు. చేతి వెనక భాగం బూరెలా పొంగింది. ఎరుపు మణికట్టు వైపు పాకుతోంది. జక్రయ్య గారు మణికట్టు చుట్టూ పెన్నుతో గీత గీశారు. ఆ గీత అర్థం ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. ఎరుపు దాన్ని దాటితే గీత దగ్గర చెయ్యి తీసేస్తారు.

"మలాము రోజుకు మూడుసార్లు పూయమ్మా" అన్నారాయన.

"పూస్తున్నాను సార్."

ఆయన నా ముఖం చూశారు. నేను దూదిచుట్ట వెతుక్కున్నాను.

తొమ్మిది గంటలకు రేడియో లైను వచ్చింది. రోజూ ఆ వేళకు జిల్లాలోని పద్నాలుగు కేంద్రాలూ ఒకే లైను మీద ఉంటాయి. ఒకరు మాట్లాడితే అందరూ వింటారు. అవతల జిల్లా నిల్వ అధికారి శేషఫణి గారు.

"ఉల్లిపొట్టు గురించి ఒక మాట అడగాలండీ" అన్నాను. "ఈ మధ్య వస్తున్న గడ్డల పొట్టు మీరు పరీక్షించే పంపుతున్నారా?"

"పరీక్షించకుండా ఎలా పంపుతామండీ సుంకులమ్మగారూ! ప్రతి బస్తా నుంచీ ఒక గడ్డ తీసి, చిటికెడు పొట్టు సోడా నీళ్లలో వేస్తాం. పసుపు రంగు తిరగందే బస్తా కదలదు."

"రంగు ఎంత చిక్కగా వస్తోందో చూస్తారా?"

"రంగు వచ్చిందా లేదా అన్నదే ఫారంలో ఉందండీ. ఎంత అన్న గడి లేదు. ఎందుకూ, మీ దగ్గరేమైనా తేడా వచ్చిందా?"

లైను మీద మిగతా పదమూడు చోట్ల ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది. అది నా భ్రమే కావచ్చు.

"లేదండీ. ఊరికే అడిగాను" అన్నాను.

రేడియో పెట్టెను తన్నబోయి ఆగాను. బూటు లోపల గోరు విరిగినా నాకు నేనే చీటీ రాసుకోవాలి.

జూన్ 12

మొన్న మూడింతల పొట్టు వేసి సారం తీశాను. ఈ రోజు ప్లేటు మీద ఎనిమిది. స్పిరిట్ మాత్రం నెల కోటా అయిపోయింది. పొడినే ఎక్కువ కలిపి చూశాను. ఆముదంలో కరగకుండా అడుగున బురదలా దిగింది. దాన్ని పుండు మీద పెడితే చీము బయటికి రాకుండా అడ్డం పడుతుంది. ఏది ముట్టుకుంటే అది ఎదురు తిరుగుతోంది.

కట్టు మార్చడానికి వెళ్లి ఖాజాబీ పక్కన కూర్చున్నాను. ఎడమచేత్తో నా వేళ్లు పట్టుకుని చూసింది.

"నీ ఏళ్లు గూడ తెల్లగనే ఉండాయి" అంది.

"ఏమట్లంటావు?"

"ముందు పొట్టు ఒలిస్తే రెండు దినాలు ఏళ్లు ఎర్రగ, పచ్చగ ఉంటాండె కదక్కా. సబ్బు పెట్టి రుద్దినా పోతాండ్లేదు. ఈ గుడారం గడ్డ వచ్చినప్పట్నించి నా సేతికి రంగే అంటదు. పొట్టు గూడ సిగరెట్టు కాయితం మాదిరి ఉంటాది. పోయిన ఏడే నీకు జెప్తి. నువ్వు ఇన్లే."

చెప్పింది. నాకు గుర్తుంది. ఆ రోజు లెక్కలేవో రాసుకుంటూ "ఊఁ" అన్నాను.

పొలాల్లో కొడవళ్లతో, ముళ్లతో, మొద్దులతో గాయాలవుతున్నాయని రెండేళ్ల కిందట పంటలన్నీ గుడారాల కిందికి మార్చారు. అక్కడ మట్టి మెత్తన, చేత్తో పీకితే చాలు, కొడవలి అక్కర్లేదు. ఎండ నేరుగా పడదు, గాలి కొట్టదు, పురుగు చేరదు. గడ్డలు కొబ్బరికాయల్లా ఊరుతున్నాయి. చూసి అందరం సంబరపడ్డాం. నేనూ సంబరపడ్డాను.

పదేళ్లుగా ఆ పొట్టును ముట్టుకున్న మనిషి నోరు తెరిచి చెబితే నేను వినలేదు. పది రోజులుగా స్కేళ్లు తుడుస్తున్నాను.

బీరువాలో వెనకాల ఒక పాత సీసా దొరికింది. గుడారాలకు ముందటి పొడి, అడుగున చిటికెడు. ఒక బిళ్ల తడపడానికి సరిపోయింది. ప్లేటు పెట్టాను.

జూన్ 13

పదహారు.

క్రిమి మారలేదు. పాత మందు చావలేదు. నా చేతులు పాడవలేదు. పొట్టులోనే సత్తువ లేదు. ఎండ కాల్చితే, పురుగు కొరికితే, నీళ్లు చాలకపోతే తట్టుకోవడానికి మొక్క ఆ సారాన్ని తయారు చేసుకుంటుంది. మన కోసం కాదు, తన కోసం. గుడారంలో దానికి ఏ కష్టమూ లేదు. ఇక ఎందుకు చేసుకుంటుంది?

కారణం తెలిసింది, మందు మాత్రం లేదు. ఎరుపు గీతకు ఒక వేలు దూరంలో ఉంది. ఖాజాబీకి జ్వరం నూటమూడు.

"ఎండలో పెరిగిన గడ్డ యాడన్నా ఉంటాదా?" అని అడిగాను. ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. తర్వాత ఒక పేరు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది, అందుకే ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. కంచె అవతల, గుండ్లగుట్ట వెనక, ఒక అవ్వ ఇప్పటికీ రాతినేలలో ఉల్లి వేస్తుందట.

"పోయినోళ్లని పది దినాలు లోపలికి రానీరక్కా" అంది ఖాజాబీ.

"తెలుసు."

"ముల్లు గుచ్చుకుంటే?"

"నాకు పూయడానికి మలాము ఉంది కదా" అన్నాను. నవ్వించాలనుకున్నాను. ఆమె నవ్వలేదు.

జూన్ 14

కంచె దాటి పదహారేళ్లయింది. గేటు కాపరి రెండుసార్లు అడిగాడు, "నిజంగా పోతావా మేడమ్?" అని. సంతకం పెట్టి బయటపడ్డాను.

దారంతా కంపచెట్లు. ముల్లు ఎంత పొడవుంటుందో మర్చిపోయాను. ఒక్కో కొమ్మ దగ్గరా ఆగి, చీర కుచ్చిళ్లు పట్టుకుని, పక్కకు తిరిగి నడిచాను. గంటలో వెళ్లాల్సిన దారి నాలుగు గంటలు పట్టింది. నా మీద నాకే కోపం వచ్చింది. చిన్నప్పుడు ఇవే కంపల్లో చెప్పుల్లేకుండా మేకల వెంట పరుగెత్తినదాన్ని.

అవ్వ గుట్ట నీడలో కూర్చుని గడ్డలు ఆరబోస్తోంది. డెబ్బై దాటి ఉంటుంది. నేను ముందు ఆమె చేతులే చూశాను, అలవాటు. ఆ చేతుల నిండా మచ్చలు. గీతలు, కోతలు, వాతలు, ఒక వేలికి గోరు లేదు. అన్ని గాయాలు తగిలీ బతికున్న మనిషిని నేను పంతొమ్మిదేళ్లలో చూడలేదు.

"ఏం పాపా, చీటీ రాస్తావా?" అంది.

సంగతంతా చెప్పాను. ఆమె ఒక గడ్డ నా చేతిలో పెట్టింది. చిన్నది, నిమ్మకాయంత. పొట్టు ముదురు ఎరుపు, మూడు నాలుగు పొరలు, బిరుసుగా ఉంది. గోటితో గీకితే వేలికి రంగు అంటింది.

"మీ లోపలి గడ్డ చూసినాలే. కడుపు నిండ నీళ్లు. ఎండలో కాలకుండ ఉల్లికి పొగరు యాడ్నించి వస్తాది?" అంది.

"మీకు భయం లేదా అవ్వా?"

"ఉంటాది, ఎందుకుండదు? నా మొగుడు తుమ్మముల్లు దిగే పోయినాడు, మందులు ఆగినాక ఆరో ఏట. నేనేం మందు ఎరిగిన మనిషిని కాదు. నాకేం కాకపోవడం నా అదృష్టం, అంతే. మీ లోపల మాత్రం చావడం ల్యా?"

పొట్టు ఎంత కావాలంటే అంత తీసుకోమంది. నా చేత ఒలిపించలేదు, తనే ఒలిచి సంచి నింపింది. ఒకటే అడిగింది. "నా పేరు యాడా రాయద్దు పాపా. రాస్తే గుడారం ఏసుకోని వస్తారు."

రాయనని మాట ఇచ్చాను.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. గేటు దగ్గర ఒళ్లంతా తడిమి చూశారు. ఒక్క గీత కూడా లేదు. అయినా పది రోజులు గేటు షెడ్డులోనే.

జూన్ 15

షెడ్డులో ఒక స్టవ్వు, ఒక బకెట్టు, లోపలికి సామాను అందించే చిన్న కిటికీ ఉన్నాయి. ఆపరేషన్ల కోసం దాచిన స్పిరిట్, పాత బిళ్లలు, ఆముదం, ప్లేట్లు జక్రయ్య గారు నిన్న రాత్రే కిటికీలోంచి అందించారు. అప్పుడే పొట్టు నానబెట్టాను. వడగడితే సారం పలచటి పసుపు కాదు, నారింజ రంగులో దిగింది. మధ్యాహ్నానికి మలాము తయారైంది.

కిటికీ అవతల జక్రయ్య గారు నిలబడ్డారు. ఎరుపు గీతను తాకిందనీ, రేపు పొద్దున చెయ్యి తీయడానికి అంతా సిద్ధం చేశారనీ చెప్పారు.

"ఇది పూయండి సార్."

"ప్లేటు ఫలితం ఏదీ?"

"ఇప్పుడే పెడుతున్నాను. రేపటికి గానీ రాదు."

"పరీక్షించని మందు నేనెట్లా పూస్తానమ్మా? విడత నెంబరు లేదు, నిల్వ ముద్ర లేదు."

అప్పుడు నాకు ఆగలేదు. "ముద్ర ఉన్న మందే కదా సార్ ఆరు రోజులుగా పూస్తున్నాం! ఆ మందు ఏడు మిల్లీమీటర్లు! నాకు ముందే తెలుసు! తెలిసే పూశాను!"

గేటు కాపరి ఇటు తిరిగి చూశాడు. జక్రయ్య గారు కిటికీ చెక్క మీద రెండు చేతులూ ఆనించి తల వంచుకున్నారు. ఆయన నన్ను తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ప్లేటు పెట్టు" అన్నారు చివరికి. "మలాము కూడా ఇయ్యి. రెండూ ఒకేసారి చూద్దాం."

జూన్ 16

పద్దెనిమిది మిల్లీమీటర్లు.

కొలిచి, స్కేలు కింద పెట్టి, షెడ్డు గోడకు ఆనుకుని ఏడ్చాను. సంతోషంతో కాదు. ఇది ఇక్కడే, గంట నడక దూరంలోనే ఉందని ఏడ్చాను.

జక్రయ్య గారు పదింటికి వచ్చారు. ఎరుపు గీతను దాటలేదట. ఉన్నచోటే ఉందట. ఆపరేషన్ మధ్యాహ్నానికి వాయిదా వేశారు. మధ్యాహ్నం మళ్లీ రేపటికి వేశారు.

జూన్ 18

ఎరుపు ఆ గీత నుంచి ఒక వేలు కిందికి జారింది. జ్వరం నూరు. గంజి తాగిందట.

నేను ఇక్కడ షెడ్డులో ఈగలు తోలుకుంటున్నాను. నా ఒంటి మీద గీత లేదు, చీమకాటు కూడా లేదు. లోపల నా పని చేసే మనిషి లేదు. ఎందుకు బాబూ నన్ను ఇక్కడ కూర్చోబెట్టారంటే గేటు కాపరి గోడ మీది కాగితం చూపిస్తాడు. ఆ కాగితంలో పది అని ఉంది. అంతే.

జూన్ 20

చూపుడువేలు తీసేశారు. అప్పటికే మొదటి కణుపు దాకా నల్లబడిందట. మిగతా చెయ్యి నిలబడింది. బొటనవేలు కదులుతోందట.

జక్రయ్య గారు "చెయ్యి దక్కింది" అని చెప్పారు. నిజమే, దక్కింది. నేను మూడో తారీఖున నోరు తెరిచి ఉంటే వేలు కూడా దక్కేది. రెండూ నిజాలే. ఈ రెండో నిజాన్ని ఎవరూ నాతో అనడం లేదు. అదే నాకు ఊపిరాడనివ్వడం లేదు.

జూన్ 25

ఈ పొద్దున లోపలికి వదిలారు. స్నానం చేసి నేరుగా ఖాజాబీ దగ్గరికి వెళ్లాను. కిటికీ పక్కన కూర్చుని ఎడమచేత్తో జడ వేసుకోవడానికి ప్రయత్నిస్తోంది. జడ వేస్తానన్నాను. వద్దంది.

"డాక్టరు సారు జెప్పినాడు" అంది. "గేటు దగ్గర నువ్వు అరిసింది గూడ అందరూ ఇన్నారు."

నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నేను అడిగినా కదక్కా, మందు బాగుందా అని. నీకు ఆ దినం తెల్సు."

"తెలుసు."

"బాగలేదని జెప్పింటే నేనేం జేస్తాంటి? ఏం జేసేదానికి లేదు. ఇదే పూయించుకుంటాంటి. కాని తెల్సి పూయించుకుంటాంటి. ఆ పొట్టు సంగతి ఆ దినమే నీతో మల్లా జెప్తాంటి. నువ్వు ఆ దినమే గుట్టకు పోతాంటివి."

పొట్టు సంగతి తెలిశాక మలాము చేతికి రావడానికి పట్టింది మూడు రోజులు. జూన్ తొమ్మిదినే తెలిసి ఉంటే, పన్నెండుకల్లా మంచి మలాము ఉండేది. వేలు నల్లబడింది పద్నాలుగున. ఆమె లెక్క వేసుకుంది. నేనూ ఎప్పుడో వేసుకున్నాను.

"నన్ను క్షమించు ఖాజాబీ" అన్నాను.

"నా సంగతి నేను జూసుకుంటాలే. ఆ గడ్డలు మనకొక్కరికే వస్తాండాయా?"

"పద్నాలుగు కేంద్రాలకూ ఒకే నిల్వ నుంచి వస్తాయి."

"మరి?" అంది. అంతే అంది.

జూన్ 26

తొమ్మిదికి పది నిమిషాల ముందే రేడియో ముందు కూర్చున్నాను. జక్రయ్య గారికి ముందే చెప్పాను. "నలభై రోజులు మూస్తారమ్మా" అన్నారు. "నీ ఉద్యోగం కూడా పోతుంది." తర్వాత కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. ఖాజాబీ కట్టు చేతిని మెడకు వేలాడేసుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

లైను కలిసింది. శేషఫణి గారు హాజరు పిలిచారు. ఎర్రమిట్ట అనగానే మాట్లాడాను.

"ఎర్రమిట్ట నుంచి సుంకులమ్మ. మా నలభై ఒకటో విడత జూన్ మూడున తొమ్మిది మిల్లీమీటర్లు చూపించింది, అయిదున ఏడు. నేను మీకు చెప్పలేదు. రిజిస్టరులో రాయలేదు. జూన్ తొమ్మిదిన ఆ మందే ఒక మనిషికి పూశాను. ఆమె వేలు పోయింది. తప్పు నాది. కారణం కూడా తెలిసింది. గుడారం ఉల్లి పొట్టులో సారం లేదు. ఎండలో పెరిగిన ఉల్లి పొట్టుతో చేస్తే పద్దెనిమిది వచ్చింది. దానితోనే ఆమె చెయ్యి నిలబడింది."

ఒకే గుక్కలో చెప్పేశాను.

శేషఫణి గారు అందుకున్నారు. "సుంకులమ్మగారూ, మీరన్నదేమిటో మీకు తెలుసు కదా. నిబంధన ప్రకారం నేను మీ కేంద్రాన్ని..."

"సార్, బూడిదపాడు" అని ఇంకో గొంతు అడ్డం వచ్చింది. ఎవరో మగమనిషి. "బూడిదపాడు, సార్. మాది ఫిబ్రవరి నుంచి పది. పోయిన నెల ఎనిమిది. మేమూ చెప్పలేదు."

"కోటకొండ వంక" అంది ఇంకో గొంతు, ఒక ముసలామె. "మాకు ఏడు. ఏప్రిల్‌లో ఒక పిల్లోడు పోయినాడు. నా ప్లేట్లే చెడినాయనుకుంటి."

"చింతరేవు. తొమ్మిది."

"మల్లెపాడు." ఆ పేరు వినగానే రేడియోకు దగ్గరగా జరిగాను. "మాకు తెలిసి ఏడాది అవుతోంది. ఒకసారి చెప్పి మూయించుకున్నాం. రెండోసారి చెప్పే ధైర్యం లేకపోయింది."

ఒకరి తర్వాత ఒకరు. కొందరు ఏడుస్తున్నారు, కొందరు కోపంగా అరుస్తున్నారు, ఒకాయన అంకె చెప్పి లైను వదిలేశాడు. నేను కాగితం మీద రాస్తూ పోయాను. తొందరలో కాగితం జారి ఒక అంకె తప్పు పడితే ఖాజాబీ వచ్చి ఎడమచేత్తో కాగితం కదలకుండా పట్టుకుంది. పద్నాలుగు కేంద్రాల్లో పదమూడు చెప్పాయి. పన్నెండు దాటింది ఒక్కటీ లేదు. ఏడాది పాటు ప్రతి పొద్దునా ఒకే లైను మీద కూర్చుని, ఒకరికొకరం "అంతా బాగుంది" అని చెప్పుకున్నాం.

పద్నాలుగోది జవాబివ్వలేదు. ఆ కేంద్రం మూడు రోజులుగా లైను మీదికి రావడం లేదని శేషఫణి గారు మెల్లగా చెప్పారు.

పద్నాలుగు కేంద్రాలనూ ఒకేసారి మూయాలంటే ఏ నిబంధన వాడాలో ఆయన వెతుక్కుంటున్నారనుకున్నాను. కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది.

"ఎవరూ లైను వదలకండి" అన్నారు శేషఫణి గారు. ఆ గొంతు రోజూ వినే గొంతులా లేదు. "సుంకులమ్మగారూ, ఆ ఉల్లి ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. ఊరి పేరు, మనిషి పేరు చెప్పండి. ఇప్పుడే బండి పంపిస్తాను."

జక్రయ్య గారు నా వైపు చూశారు.

"పేరేమీ లేదండీ" అన్నాను. "గుడారం తీసేయండి. ఎండ పడే చోట ఎక్కడ వేసినా దొరుకుతుంది."

"గుడారం తీస్తే జనం కొడవళ్లు పట్టుకుని పొలంలో దిగాలి. గాయాలవుతాయి కదండీ!"

"అవుతాయండీ" అన్నాను. "అయితే అప్పుడు పూయడానికి మందుంటుంది."